ఏడుపులో అన్న మాట

ఎమ్మెస్సీలో చేరేటప్పుడు ఇంటర్వ్యూలో అడిగారు, ఫోరెన్సిక్ సైకాలజీయే ఎందుకని. నాకంటే ముందు వెళ్ళినవాళ్ళు పేపర్లో చదివిన నేరాల గురించి, టీవీలో చూసిన వాటి గురించి చెప్పి వచ్చారు. నేను మాత్రం కాలు మీద కాలు వేసుకోలేదు గానీ, వేసుకున్నంత ధీమాగా చెప్పాను: "నాకు ఏడేళ్ళప్పుడు మా చిన్నాయన్ని చంపినవాణ్ణి నా కళ్ళతో చూశాను సార్. కోర్టులో నిలబడి చెప్పాను. వాడికి శిక్ష పడింది." ఎదురుగా కూర్చున్న ముగ్గురూ నన్ను ఒకసారి తేరిపార చూసి కాగితాల మీద ఏదో రాసుకున్నారు. సీటు వచ్చింది.

ఆ సంగతి చెప్పుకోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే. పెళ్ళిళ్ళలో చుట్టాలు నన్ను చూపించి "సాచ్చం చెప్పిన పాప ఈమే" అనేవాళ్ళు. అందరికంటే ముందు నాకు లడ్డు వచ్చేది. బళ్ళో లెక్కలు రాకపోయినా, మార్కులు తగ్గినా, "కోర్టులోనే బెదరలేదు, ఇదొక లెక్కా" అని మా నాయన వెనకేసుకొచ్చేవాడు. ధైర్యవంతురాలినని నేను ఎప్పుడూ అనుకోవాల్సిన పని పడలేదు. అందరూ ముందే అనేసుకున్నారు.

నాకు గుర్తున్నది ఇది. కొండాపురం దగ్గర మా పాత ఊరు. ఇప్పుడది గండికోట రిజర్వాయర్ నీళ్ళ కింద ఉంది. అప్పట్లో మాకు గొర్రెలుండేవి. పొలానికి ఎరువు పడుతుందని రైతులు గొర్రెల్ని కొన్నాళ్ళు తమ చేలో ఉంచమనేవాళ్ళు. దాన్ని మంద కట్టడం అంటారు. మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, అలా ఒక చేలో మంద కట్టి అక్కడే ఉన్నాడు. పొద్దున ముసురు పట్టింది. మా జేజి, అంటే మా నాయనమ్మ, సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి మూటగట్టి నాకిచ్చి పంపింది. నేను కంపచెట్లు దాటేసరికి తెల్లంచు కంబళి కప్పుకున్న మనిషి గట్టుమాటున కూర్చుని ఉన్నాడు. లేచాడు. ఎడమ చేతిలో కట్టె. మా చిన్నాయన అటు తిరిగి గొర్రెపిల్లకు పాలు పట్టిస్తున్నాడు. కంబళి మనిషి వెనకనుంచి తల మీద కొట్టాడు. తిరిగి నా వైపు చూశాడు. మా పక్క వీధి మామ. నా చేతిలో మూట జారి సంగటి బురదలో పడింది. తడిసిన కంబళి వాసన, చినుకుల చప్పుడు, ఎక్కడో మా జేజి ఏడుపు. ఇరవై ఐదేళ్ళు వచ్చినా నేను కళ్ళు మూసుకుంటే అదంతా అలాగే కనబడేది.

మా చిన్నాయన మళ్ళీ మాట్లాడలేదు. మూడో రోజు ఆస్పత్రిలో పోయాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు, పెళ్ళి కూడా కానివాడు. ఆ తర్వాత మా వాళ్ళు గొర్రెలు అమ్మేసి ప్రొద్దుటూరు చేరారు. మా నాయన దాణా అంగడి పెట్టాడు.

ఎమ్మెస్సీ రెండో ఏడాది పరిశోధనకు నేను తీసుకున్న విషయం, చిన్నప్పుడు సాక్ష్యం చెప్పినవాళ్ళకు ఆ సంఘటన పెద్దయ్యాక ఎలా గుర్తుంటుందని. మొదట ఏం చెప్పారు, తర్వాత ఏం చెప్పారు, మధ్యలో ఎవరు ఏం అడిగారు. ఈ మూడూ పక్కపక్కన రాసుకుంటే చాలా సంగతులు తెలుస్తాయి. "ఎర్ర చొక్కా వేసుకున్నాడా?" అని అడిగితే పిల్లలకు ఎర్ర చొక్కా కనబడడం మొదలవుతుంది. అబద్ధం కాదు. నిజంగానే కనబడుతుంది. అందుకే మేము అడిగేటప్పుడు జవాబు అందించకూడదు. "ఏం జరిగిందో చెప్పండి. తర్వాత? తర్వాత?" అంతే.

ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడాయన్ని అలాగే అడిగాను. చిన్నప్పుడు వాళ్ళ అంగట్లో దొంగతనం చేసినవాడి మీసం ఎలా ఉందో చేత్తో తిప్పి చూపించాడు. గంట తర్వాత వాళ్ళన్న వచ్చి, "మీసమేందిరా, ఆడమనిషి గదా!" అన్నాడు. ఇద్దరూ నా ముందే పోట్లాడుకున్నారు. నేను నవ్వు ఆపుకుంటూ బయటికొచ్చి, స్కూటీ మీద ఇంటిదాకా నవ్వుకుంటూ పోయి, ఆయన పేరు బదులు ఒక అంకె వేసి నా పట్టికలో రాసుకున్నాను. పాపం, ఎంత నమ్మకంగా చెప్పాడు! మీసం తిప్పి మరీ చూపించాడు. మా అమ్మకు చెప్పి ఇద్దరం ఇంకోసారి నవ్వుకున్నాం.

మా గైడు సారు పట్టిక చూసి, "అన్నీ చెడిపోయిన జ్ఞాపకాలే ఉన్నాయి. చెడిపోనిది ఒకటైనా ఉంటే పక్కన పెట్టి చూపించొచ్చు" అన్నారు.

"నాది ఉంది గదా సార్" అన్నాను.

జమ్మలమడుగులో అప్పట్లో అవతలివాళ్ళ తరపున వాదించిన వకీలు ఇంకా ఉన్నారని తెలిసింది. ముసలాయన. పాత కేసుల కట్టలు గుడ్డలో చుట్టి ఇంటి పైగదిలో పెట్టుకున్నారు. నేనెవరో చెప్పగానే కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"నువ్వా పాపవా! నీ చేతిలోనే నేను ఓడిపోయింది. మూడు గంటలు అడిగినానమ్మా నిన్ను. అటు తిప్పి, ఇటు తిప్పి. ఒక్క మాట తడబడితే ఒట్టు. ఎన్నిసార్లు అడిగినా గట్టుమాటున కూసున్యాడు, ఎడం చేతిలో కట్టె, ఎనకనించి కొట్టినాడు. అదే వరస, అవే మాటలు. పాఠం అప్పజెప్పినట్ల."

నేను మురిసిపోయాను. మురిసిపోవడం పూర్తయ్యేలోపే ఆయనన్న మాట మళ్ళీ తట్టింది. అదే వరస, అవే మాటలు. నా పట్టికలో దానికొక గడి ఉంది. మనిషి నిజంగా చూసింది గుర్తు చేసుకుంటే ఒక్కోసారి ఒక్కోచోట మొదలుపెడతాడు. ఒకటి మరిచిపోతాడు, ఇంకొకటి తట్టి వెనక్కి వస్తాడు. మాటలు కూడా మారకుండా చెప్పేది విని నేర్చుకున్నది. ఈ సంగతి ఆరుగురి విషయంలో నా చేత్తో నేనే రాశాను.

వకీలు గారి గుమాస్తా కట్ట విప్పి నా ముందు పెట్టాడు. మొదటి కాగితం, సంఘటన జరిగిన రోజు మధ్యాహ్నం పోలీసులు రాసుకున్న నా వాంగ్మూలం. వాళ్ళ చేతిరాత, వాళ్ళ భాష. ఐదు వరసలు.

"మా జేజి సద్ది ఇచ్చి పంపినది. నేను పోయేసరికి మా చిన్నాయన బోర్లా పడి ఉన్నాడు. లేపినాను, లేవలేదు. వాన పడుతున్నది. అక్కడ ఎవరూ లేరు. నేను ఎవరినీ చూడలేదు."

మళ్ళీ చదివాను. కాగితం తిప్పి వెనక చూశాను, అక్కడేమైనా మిగతా ముక్క ఉందేమోనని. ఏమీ లేదు. రెండో వాంగ్మూలం చిన్నాయన పోయిన పదకొండు రోజుల తర్వాతది. అందులో తెల్లంచు కంబళి ఉంది, గట్టు ఉంది, ఎడమ చేయి ఉంది, మనిషి పేరు ఉంది. పేజీన్నర.

"ఇది నాది కాదు సార్" అన్నాను. నిజంగానే అన్నాను, ఎంత వెర్రి మాటో అది. వేలుముద్ర పక్కన నా పేరు, వయసు ఏడు, మా ఊరు. అన్నీ ఉన్నాయి.

వకీలు గారు తలూపారు. "ఆ మొదటి కాయితం పట్టుకోనే నేను వాదించింది. పసిబిడ్డ, భయపడి ముందు చెప్పలేదు, ధైర్యం వచ్చినాక చెప్పింది అన్యారు అవతలోల్లు. జడ్జి గారు నిన్నడిగినారు, అబద్ధం చెప్తే ఏమైతాదమ్మా అని. దేవుడు కండ్లు తీసేస్తాడు అన్యావు. కోర్టంతా నిన్నే నమ్మింది. హత్య అని నిలబడలేదు గానీ ఏడేండ్లు వేసినారు." కళ్ళజోడు తుడుచుకుంటూ, "నేను గూడా నిన్నే నమ్మినానమ్మా" అన్నారు.

రెండు కాగితాలూ జిరాక్సు తీయించుకుని బస్సెక్కాను. ప్రొద్దుటూరు వచ్చేదాకా కళ్ళు మూసుకుని ఆ పొద్దుటిని మళ్ళీ మళ్ళీ చూశాను. ఉంది. అంతా ఉంది. కంబళి అంచు, కట్టె, వాడు తిరిగి చూసిన ముఖం. కాగితం లేదంటున్నది నా కళ్ళ ముందు మెరుస్తోంది. నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను, అంత భయం నాకు ఇంకెప్పుడూ కలగలేదు. అప్పుడే ఇంకోటి తట్టింది. ఆ జ్ఞాపకంలో మా జేజి ఏడుపు వినబడుతుంది. ఆ పొద్దున మా జేజి ఊళ్ళో పొయ్యి ముందర ఉంది. చేలోకి రాలేదు. మరి ఆ ఏడుపు అక్కడికెలా వచ్చింది? పద్దెనిమిదేళ్ళుగా నా తలలో ఉన్న ఆ తప్పు నాకెప్పుడూ కనబడలేదు. బట్టల అంగడాయన చూపించిన మీసానికి నవ్వుకుంటూ పోయినదాన్ని!

అమ్మ వంటింట్లో ఉంది. జవాబు అందించకూడదు గదా, అలాగే అడిగాను. "అమ్మా, చిన్నాయన పోయినాక ఆ పదకొండు రోజులూ ఇంట్లో ఏం జరిగింది? చెప్పు."

"ఏం జరుగుతాది? పలకరించేదానికి జనం. పొద్దున ఒక ఊరోల్లు, మధ్యాన్నం ఒక ఊరోల్లు. ఆడోల్లు వాకిట్లో అడుగుపెట్టడం, మీ జేజి మెడ పట్టుకోని ఏడ్చడం. మీ జేజి మొదట్నించి మల్లా శోకాలు తీసేది. నువ్వేమో ఆమె ఒడిలోనే కూసుండేదానివి. ఎత్తుకోని పోతే ఏడ్చేదానివి."

"నేనేమన్నా చెప్పినానా?"

"చెప్పకేం. వచ్చినోల్లు నిన్నే అడిగేవాల్లు, నువ్వేం సూసినావు పాపా అని. మొదట్లో ఏం పలికేదానివి కాదు. తర్వాత తర్వాత బాగా చెప్పేదానివి." అమ్మ గరిటె పట్టుకుని నా వైపు తిరిగింది. "యాల మే, ఎందుకిదంతా ఇప్పుడు?"

నేను కాగితం చూపించలేదు. మరుసటి రోజు పొద్దున పులివెందుల బస్సెక్కాను. మా జేజి అక్కడ మా మేనత్త దగ్గర ఉంటోంది. ఎనభై దాటింది. చూపు మందగించింది గానీ మాట ఇంకా కరుకే. నన్ను తడిమి చూసి, "ఏం మే, తిండి పెట్టరా ఆ చదువులకాడ" అంది.

మా మేనత్త పనికి పోయాక జేజి మంచం పక్కన కింద కూర్చున్నాను. "జేజీ, చిన్నాయన పోయినప్పుడు నువ్వు ఏడ్చినావు గదా. ఎట్ల ఏడ్చినావు?"

"కొడుకు పోతే ఎట్ల ఏడుస్తారు? అదేం అడుగుడు?"

"ఆ శోకాలు గుర్తుండాయా?"

జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, సన్నగా మొదలుపెట్టింది.

"తెల్లంచు కంబళి కప్పుకొచ్చినాడే నా కొడకా...
గట్టుమాటున కూసోని కాసినాడే నా తండ్రీ...
ఎడం చేత కట్టె పట్టి, గొర్రెపిల్లకు పాలు పట్టేటోన్ని
ఎనకనించి ఏసినాడే, నీ మొగం సూడలేకనే నాయనా..."

కోర్టు కాగితంలో ఉన్న వరస అదే. కంబళి, గట్టు, ఎడమ చేయి, గొర్రెపిల్ల, వెనకనుంచి. ఒక్కటి అటూ ఇటూ కాలేదు. తడిసిన కంబళి వాసన, చినుకుల చప్పుడు, నేను చూశాననుకున్నదంతా జేజి ఒడిలో కూర్చుని పదకొండు రోజులు విన్న ఏడుపు. జ్ఞాపకంలో జేజి గొంతు ఎందుకు ఉందో ఇప్పుడు తెలిసింది. ఆ గొంతే నా జ్ఞాపకం.

"జేజీ, కంబళి సంగతి నీకెవరు చెప్పినారు?" జవాబు అందించానో లేదో కూడా చూసుకోలేదు.

"ఎవురు చెప్పాల? వారం ముందర చేను కాడ వానితో మీ చిన్నాయనకు కొట్లాట అయ్యిండ్లా. వాడు ఎడంచేతోడు. తెల్లంచు కంబళి వానికొక్కనికే ఉండె ఊర్లో. నా కడుపుమంటలో వాన్ని తిట్టినా. వాన్నొక్కన్నే తిట్టినానా? ఆస్పత్రి డాక్టర్ను తిట్టినా. చేను రైతును తిట్టినా. ఆ ఎంకటేశ్వర సామిని తిట్టినా. మీ నాయన్ను గూడా తిట్టినా, తమ్మున్ని ఒక్కన్నే పంపినాడని. ఏడుపులో ఎవుర్ని తిట్టినా తప్పు లేదు మే. దినాలైనాక ఆ మాటలు ఎవురూ పట్టుకోరు. ఏడుపులో అన్నది సాచ్చమా?"

అది మాకు ఉన్న పద్ధతే. చావింట్లో ఆడవాళ్ళు శోకాలు తీసేటప్పుడు ఎవరి పేరైనా ఎత్తొచ్చు, ఎంత మాటైనా అనొచ్చు. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. పదకొండో దినం అయ్యాక, తిట్టినామె తిట్టించుకున్నామె ఇంటికి మజ్జిగకు పోతుంది. ఎవరూ ఎత్తిచూపరు. పెద్దవాళ్ళందరికీ తెలిసిన సంగతి. ఒడిలో కూర్చున్న ఏడేళ్ళ పిల్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

"మరి పోలీసులు వచ్చినప్పుడు నేను చెప్తాంటే ఎందుకు ఊరుకున్యావు జేజీ?"

"నువ్వు సూసినావనుకుంటి! నేను ఊరికే నోటికొచ్చింది ఏడిస్తి. అదే మాట నువ్వు సూసినానని చెప్తివి. అంటే నా కడుపు నిజం చెప్పిందనుకుంటి." చూపు ఆనని కళ్ళు నా వైపు తిప్పింది. "నువ్వు సూల్లేదా?"

నేను మొదటి వాంగ్మూలం చదివి వినిపించాను. ఐదు వరసలు. జేజి నా మాట విని తన ఏడుపు నిజమైందనుకుంది. నేను జేజి మాట విని చూశాననుకున్నాను. ఒకరి మీద ఒకరు వాలి నిలబడ్డాం, మధ్యలో ఏమీ లేదు. జేజి నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగేంత గట్టిగా పట్టుకుంది. "మల్ల నా కొడుకును ఎవురు సంపినారే?" అంది. గొర్రెల్ని ఎత్తుకుపోవడానికి వచ్చినవాళ్ళెవరో, దారిన పోయేవాళ్ళెవరో, ఇంక ఎవరూ చెప్పలేరు. మనిషి దొరికాడని వెతకడం ఎప్పుడో మానేశారు. చేను కూడా నీళ్ళ కిందికి పోయింది.

బస్టాండులో నిలబడి గైడు సారుకు ఫోను చేసి చెప్పాను. ఆయన ఒక్కసారిగా, "అద్భుతమైన కేసమ్మా! శోకగీతం నుంచి సాక్ష్యం! ఇలాంటిది ఎవరికీ దొరికుండదు" అన్నారు. ఆ గొంతులో సంతోషం విని నాకు ఒళ్ళు మండింది. ఫోను పెట్టేశాను. తర్వాత ఆయన్ని తిట్టుకుంటూ కూర్చుని ఆలోచిస్తే, నిన్నటిదాకా నాదీ అదే గొంతు. మీసం తిప్పి చూపించిన ఆ పెద్దమనిషిని అంకెగా రాసుకున్నదాన్ని నేనే.

నేను జైలుకు పంపిన ఆ మనిషి ఎక్కడున్నాడో కనుక్కోవడం కష్టం కాలేదు. ఊరు మునిగాక అందరినీ తెచ్చి వేసిన కాలనీలోనే ఉన్నాడు. అప్పటిదాకా నేను ఆయన్ని 'వాడు' అనే అనేదాన్ని. ఆ రోజు కొండాపురం దిగి నడుస్తుంటే, లోపల కూడా ఆ మాట రావడం మానేసింది. ఏం చెప్పాలో దారి పొడుగునా కూర్చుకున్నాను. తిడితే పడాలి. కొట్టినా పడాలి. ఏడేళ్ళు తిరిగి ఇవ్వలేను. చూడలేదన్న మాట ఒక్కటైనా ఆయనకు ఇవ్వాలి.

ఒకటే తీరు ఇళ్ళు, వరసలుగా. వాకిట్లో రెండు మేకలు కట్టేసి ఉన్నాయి. ఆయన వాటికి వేపరొట్ట వేస్తున్నాడు, ఎడమ చేత్తో. జుట్టంతా నెరిసిపోయింది. నన్ను చూసి నిలబడ్డాడు.

"ఎవురు కావాల పాపా?"

"మామా, నేను..." పేరు చెప్పబోయి మా జేజి పేరు చెప్పాను.

ఆయన చేతిలో రొట్ట అలాగే ఉంది. "సాచ్చం చెప్పిన బిడ్డవు" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. నాకు అందుకే భయమేసింది.

నిలబడే అంతా చెప్పేశాను. వకీలు గారు, రెండు కాగితాలు, జేజి శోకాలు, ఒడి. "నేను చూల్లేదు మామా. ఎవర్నీ చూల్లేదు. మిమ్మల్ని చూల్లేదు" అని ఏడ్చేశాను.

ఆయన మొత్తం విన్నాడు. మేక ఆయన చేతిలో రొట్ట లాక్కుంది. "ఈ మాట నాకు యాల చెప్తావు పాపా?" అన్నాడు మెల్లగా. "నేను కొట్టలేదని నాకు తెలుసు గదా. మా ఆడదానికి చెప్పు."

నాకు అర్థం కాలేదు. ఆయన ఇంటి వైపు చూస్తూ చెప్పాడు. "ఏడేండ్లు ఆడ జైల్లో ఉంటి. వచ్చి పదేండ్లాయె. వండి పెడతాది, బట్టలుతుకుతాది. పిల్లోల్లకు పెండ్లిండ్లు చేసింది. నా పక్కన కూసోని ఒక్క ముద్ద తినలే. నేను కొట్టలేదే అంటే, పసిబిడ్డ అబద్ధం చెప్తాదా అంటాది. ఆడే నయం అనిపిస్తాది ఒక్కోసారి. ఆడ నన్ను నమ్మాల్సినోల్లు ఎవురూ లేరు."

నేను కోర్టు గురించి, జైలు గురించి, పరువు గురించి ఎన్నో ఊహించుకుని వచ్చాను. నా మాట ఆయన ఇంట్లోకి వచ్చి పదేళ్ళుగా ఆయన కంచం పక్కన కూర్చుందని ఊహించలేదు.

ఆయన కేక వేస్తే ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. సన్నటి మనిషి. నేనెవరో ఆయన చెప్పాడు. నేను మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఆమె గడప మీద నిలబడి, కళ్ళార్పకుండా విన్నది.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయిందత్తా."

"అప్పుడు గూడా ఇట్లే చెప్తివి పాపా. నేను కోర్టులో ఎనకాల నిలబడుకోని విన్యా. ఇంతే గట్టిగా చెప్తివి. ఇట్లే ఏడిస్తివి గూడా. ఏది నమ్మమంటావు నన్ను?"

ఎవరూ అంతకుముందు నన్ను అలా అడగలేదు. కోర్టు నమ్మింది, ఓడిపోయిన వకీలు కూడా నమ్మాడు, ఇంటర్వ్యూలో కూర్చున్న ముగ్గురూ నమ్మారు. నా మాటకు విలువ పోయిందని నాకు తెలిసింది, అది న్యాయమేనని కూడా తెలిసింది. సంచిలోంచి జిరాక్సు తీసి ఇచ్చాను. "ఇది ఆ రోజే రాసింది అత్తా. ఎవరూ నాకేం చెప్పకముందు. చదువుతాను..."

"నువ్వు సదవొద్దు" అంది. కాగితం తీసుకుని, మడిచి, పక్కింటికి పోయింది. పక్కింటి కోడలు చదువుకున్న పిల్లట. మేమిద్దరం వాకిట్లో నిలబడ్డాం. లోపలినుంచి ఆ పిల్ల గొంతు మెల్లగా, తడుముకుంటూ వినబడింది. "...లేపినాను, లేవలేదు. వాన పడుతున్నది. అక్కడ ఎవరూ లేరు. నేను ఎవరినీ చూడలేదు." మళ్ళీ చదివించుకుంది. మూడోసారి కూడా. ఆయన మేక తాడు పట్టుకుని, నేల చూస్తూ నిలబడ్డాడు.

ఆమె వచ్చింది. కాగితం చేతిలోనే ఉంది. భర్త ముందుకు వచ్చి నిలబడింది, ముఖంలోకి చూసింది. తర్వాత అక్కడే మట్టిలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టింది.

"పసిబిడ్డ మాట నమ్మి పక్కనోన్ని నమ్మకపోతినే నా తండ్రీ...
పదేండ్లు కంచం పెట్టి మొగం తిప్పుకుంటినే నా నాయనా...
ఓ ముసల్దానా, నీ కొడుకు కోసం ఏడిసి నా కాపురం కాలిస్తివే...
ఓ పాపా, ఎంత బాగా చెప్తివే, ఎంత బాగా చెప్తివే..."

ఏడుపు విని అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "ఎవురు పోయినారు?" అని ఒకామె అడిగింది. ఆయన తాడు వదిలేసి వచ్చి ఆమె పక్కన మట్టిలో కూర్చున్నాడు. ఆమె దూరం జరగలేదు.

నేను వాకిట్లోనే నిలబడి చివరిదాకా విన్నాను. ఏడుపులో అన్నది సాక్ష్యం కాదని మా జేజి చెప్పింది. ఆ రోజు ఈమె ఏడుపులో మా జేజిని అన్నది, నన్ను అన్నది, తనను తాను అనుకున్నది. ఒక్క మాట కూడా అబద్ధం లేదు.